మా అన్న గుర్రానికి పులేంగ్ ఫోటో

పులేంగ్ గురించి చెప్పమని అందరూ నన్నే ఎందుకడుగుతారో నాకర్థం కాదు. ఊరంతా ఆవిడ భజనపరులే కదా, వాళ్ళ నోళ్ళేమైనా పడిపోయాయా? ఇద్దరిదీ ఒకటే పని, ఇద్దరం నిలబడేదీ ఆ గుర్రప్పందేల మైదానంలోనే కాబట్టి నాకే బాగా తెలుసనుకుంటారు. తెలుసు. ఒక మనిషి గురించి కడుపు మండేవాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ముందు మంచి చెప్పేస్తాను, తొందరగా అయిపోతుంది. పులేంగ్ కింద పల్లపు ఊళ్ళ నుంచి మా కొండమీది ఊరు హా-తోలోకి కోడలిగా వచ్చింది. తండ్రికి మగపిల్లలు లేరు, అందుకని ఆడపిల్లయి ఉండీ గొర్రెలు తనే కాసింది. మొగుడు సరిహద్దు అవతల బంగారు గనుల్లో చేసి, ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు, పోయాడు. ఆ తర్వాత ఈవిడ ఉన్ని కత్తిరించే షెడ్డులో ఉన్ని ఏరింది. ఆ షెడ్డుకి వచ్చే ముసలి పశువుల డాక్టరొకడు దేశం వదిలి వెళ్ళిపోతూ తన పాత కెమెరా, దాంతోపాటు సొరకాయంత లెన్సు ఆవిడ చేతిలో పెట్టి పోయాడు. ఊరికే! నాకు మాత్రం ఎవడూ ఏమీ ఇవ్వలేదు. రాజధాని మాసెరు దాకా వెళ్ళి నేనే కొనుక్కున్నాను. నాది ఆవిడదానికంటే కొత్తది, లెన్సు ఇంకా పొడుగు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

ఆవిడ రాకముందు ఈ కొండమీద ఫోటో అంటే మాలినెవో, మాలినెవో అంటే ఫోటో. పెళ్ళయినా, చావయినా, బడిపిల్లల వరసయినా నన్నే పిలిచేవాళ్ళు. చలికాలం పందేలప్పుడైతే గుర్రాల యజమానులు నా చుట్టూ ఈగల్లా మూగేవాళ్ళు. మా మగాళ్ళకి పెళ్ళాం ఫోటో లేకపోయినా ఫరవాలేదు, గుర్రం ఫోటో గోడకి లేకపోతే అది ఇల్లే కాదు. అందరి గుర్రాలకంటే పేరున్న గుర్రం మా అన్న మోఖేతిది. దాని పేరు ఫాక్వే, అంటే డేగ. ఏటా దాన్ని నేనే తీసేదాన్ని. మా అన్న ఇంట్లో పొయ్యి పైన గోడ నిండా నా ఫోటోలే ఉండేవి.

అలాంటిది, మూడేళ్ళ కిందటి చలికాలంలో ఏం జరిగిందో వినండి. అన్న ఇంట్లో జొన్న బీరు కాచారు, మగాళ్ళంతా కూర్చున్నారు. నేను కొత్త ఫోటో తీసుకెళ్ళి ఇచ్చాను. అన్న దాన్ని కిటికీ వైపు తిప్పాడు, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టాడు. 

"మబ్బుగా ఉందే, మాలినెవో," అన్నాడు. "నా ఫాక్వే కనబడడం లేదు."

పులేంగ్ అక్కడే ఉంది, పొయ్యి పక్కన. ఆ ఏడే మొదటిసారి పందెంలో ఫోటోలు తీసింది. తన ఫోటో అన్న చేతిలో పెట్టి, పక్కనే కూర్చుని, న్తాతే, అంటే అయ్యా అని పిలుస్తూ వాగడం మొదలుపెట్టింది. చూశారా న్తాతే, ముక్కుపుటాలు ఎలా విప్పాడో, ముందుకాళ్ళు రెండూ గాల్లోనే ఉన్నాయి, తోక చూడండి కొరడాలా ఎలా లేచిందో అని ఒకటే గొడవ. మా అన్న ముఖం వెలిగిపోయింది.

"ఇదీ ఫోటో అంటే!" అని తొడ చరిచాడు. "ఇప్పుడు కనబడ్డాడు నా డేగ!"

అంతమందిలో! నా తోడబుట్టినవాడు! పుండు మీద కారం చల్లినట్టు ఆ పులేంగ్ నావైపు తిరిగి, అక్కా అని వరస కలుపుతూ, "ఔసీ, మీ లెన్సు చాలా మంచిది. ఫోకస్ ఎలా పెట్టుకుంటారో నాకొకసారి చూపిస్తారా?" అంది. వెటకారం కాకపోతే ఏమిటది? బీరు సగంలో వదిలేసి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నా ఫోటో వెలుతురులో పెట్టి చూసుకున్నాను. అన్న పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అదే నా ఏడుపు. గుర్రం కన్ను కొంచెం చెదిరింది. కానీ మీద కూర్చున్న రౌతు లెబూసా కప్పుకున్న కంబళి చార మాత్రం దారంపోగుతో సహా కనబడుతోంది. అంటే నా లెన్సు గుర్రాన్ని వదిలేసి కంబళిని పట్టుకుంది. ఎదురుగా దూసుకొచ్చే గుర్రంతో వచ్చే తంటా ఇదే. కెమెరా దానంతటది ఫోకస్ వెతుక్కుంటుంది, దానికి గుర్రమని తెలియదు, రౌతని తెలియదు. ఎక్కడ తెలుపూ నలుపూ గట్టిగా కొట్టుకుంటే అక్కడ అతుక్కుంటుంది. మా కంబళి చారలకంటే గట్టిగా కొట్టుకునేది ఈ కొండమీద ఇంకేముంది?

సరే, రోగం తెలిసింది కదా, మందు వేద్దామనుకున్నాను. మరుసటి పందేనికి ముందు లెబూసా దగ్గరికి వెళ్ళాను. వాడు ముప్పై దాటినవాడే గానీ మనిషి నా భుజానికి రాడు.

"లెబూసా, ఒక సాయం చెయ్యి నాయనా. పందెంలో కంబళి అడ్డంగా కప్పుకో. చార నిలువుగా ఉంటే నా కెమెరా దాన్నే పట్టుకుంటోంది."

వాడు ఒంటికాలి మీద లేచాడు. "అడ్డంగానా? చార అడ్డంగా కప్పుకుంటే మనిషి ఎదగడని మీ అమ్మ చెప్పలేదా? ఉన్నదే ఇంత! ఇది కూడా కుదించి జేబులో వేసుకుంటావా?"

"ఈ వయసులో ఇంకేం ఎదుగుతావురా?"

"ఎదగనక్కర్లేదు, తగ్గకపోతే చాలు! నీ ఫోటో కోసం నా సంసారం ముంచుతావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ తర్వాత ఆర్నెల్లపాటు దుకాణానికి వెళ్ళినా, నీళ్ళకి వెళ్ళినా, "మ్మే మాలినెవో, నా కంబళి సరిగ్గా ఉందా?" అని అడగనివాడు పాపాత్ముడు. పులేంగ్ ఒక్కతే నవ్వలేదు. నవ్వకపోవడం చూసి నాకింకా ఒళ్ళు మండింది.

ఇక లాభం లేదని, ఆవిడ మీద కన్నేశాను. దొంగతనం నేర్చుకోవాలంటే దొంగనే చూడాలి కదా. పందేలు మైదానానికి ఆ చివర మొదలై, మలుపు తిరిగి, గెలుపు గుర్తుగా పాతిన కర్రల మధ్యకి ఎదురుగా వస్తాయి. ఆవిడ మలుపుకి అటుపక్క నిలబడేది, నేను ఇటుపక్క. నా లెన్సు గుర్రాలకోసం తెచ్చుకున్నదే అయినా రెండు చలికాలాలు ఎక్కువగా దానికి దొరికింది పులేంగే. చూడగా చూడగా తెలిసింది. నేను గుర్రం దగ్గరికి వచ్చాక కెమెరా ఎత్తేదాన్ని. ఆవిడ గుర్రం ఇంకా అల్లంత దూరాన గింజలా ఉన్నప్పుడే ఎత్తుతుంది. ఎత్తి, వెనకున్న చిన్న బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఫోటో తియ్యకుండా ఊరికే గుర్రంతోపాటు నడుము తిప్పుతూ వస్తుంది. వేలు తియ్యదు. లెన్సు గుర్రాన్ని వదలదు. సరిగ్గా మలుపు దాటగానే అప్పుడు టకటకా కొడుతుంది. గొర్రెపిల్లల మీదికి గద్ద దిగేటప్పుడు కాపరి కూడా ఇలాగే చూస్తాడు, రెప్ప వెయ్యకుండా. అది చిన్నప్పుడే అబ్బిన విద్య, నాకెక్కడొస్తుంది?

వచ్చేదాకా వదల్లేదు నేను. నా కెమెరాలో ఫోకస్ చుక్కలన్నీ ఆర్పేసి నడిమి చుక్క ఒక్కటే ఉంచాను, అది ఎక్కడ పెడితే అక్కడే పట్టుకోవాలని. కెమెరా ఒకసారి పట్టుకుని ఊరుకోకుండా పట్టుకుంటూనే ఉండేలా మార్చాను. షట్టర్ రెప్పపాటులో సగంసేపు కూడా తెరిచి ఉండకుండా పెట్టాను. లెన్సు పక్కనున్న మీటని దూరానికి తిప్పాను, లేకపోతే అది కాళ్ళ దగ్గరున్న గడ్డి దాకా వచ్చి వెతుక్కుని మళ్ళీ వెళ్ళేలోపు గుర్రం ఇంటికెళ్ళిపోతుంది. పక్కింటి కుక్క నేను కనబడితే చాలు పరిగెత్తేది, దాని మీద సాధన చేశాను. తర్వాత కాకుల మీద చేశాను. సంకటి అడుగంటిపోయేది. మా ఆయన పాపం, "పెళ్ళాన్ని కెమెరాకి ఇచ్చి చేశానురా," అని అందరికీ చెప్పుకునేవాడు. నా చెవికెక్కితేగా! అన్న నోట 'కనబడుతోంది' అనే మాట వినాలి, అంతే. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

ఈ ఏడు చలికాలం మొదట్లో పిడుగులాంటి కబురు. అన్న ఫాక్వేని ఇచ్చేస్తున్నాడట. ఈ పందెమే ఆఖరట, తర్వాత గుర్రం వదిన పుట్టింటివాళ్ళకట. ఎందుకని అడిగితే, "ముసలాణ్ణయ్యాను," అంటాడు. ముసలాడేమిటి! ఇప్పటికీ గుర్రం మీద కూర్చుంటే, టోపీ, కంబళి, నిటారైన వెన్ను, పెళ్ళికొడుకులా ఉంటాడు. అది వదిలి కింద నడవగా నేను చూసి ఎన్నాళ్ళయిందో. 

ఆ కబురు జీర్ణం కాకముందే ఇంకొకటి. అన్న గుర్రమెక్కి పులేంగ్ ఇంటి ముందు ఆగాడు. ఆవిడ బయటికి వచ్చింది, గుర్రం మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నది, తలూపింది. నా గుమ్మంలోంచి అంతా కనబడుతోంది. అక్కడినుంచి నా ఇల్లు నాలుగడుగులు. నా ఇంటికి రాలేదు! వెంటనే కంబళి బిగించుకుని అడ్డం వెళ్ళాను.

"అబూతీ, అన్నా! ఆఖరి ఫోటో ఆవిడని అడిగావా?"

"పులేంగ్‌కి ఒక మాట చెప్పాను. నీకెందుకు?"

"నేను చచ్చాననుకున్నావా?"

"నువ్వూ తియ్యి చెల్లీ, ఎవరొద్దన్నారు?" అని నావైపు చూడకుండానే గుర్రాన్ని అదిలించాడు.

ఎవరొద్దన్నారట! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఫాక్వే ఆఖరి పరుగు ఆ గోడ మీద ఉండాలి, అది నాదై ఉండాలి. పులేంగ్ ఫోటో పక్కన పెడితే ఆవిడదే మబ్బుగా కనబడాలి. అంతకు తక్కువైతే నేను కెమెరా అమ్మేసి కోళ్ళు పెంచుకుంటాను అనుకున్నాను.

పందెంరోజు మంచు పడి వెలిసింది. నేల తడిసి దుమ్ము లేదు, మంచి వెలుతురు. నేను మలుపుకి ఇటు, ఆవిడ అటు, ఎప్పటిలాగే. ఫాక్వే వంతు వచ్చింది. దూరాన ఈలలు, కేకలు మొదలయ్యాయి. పాడు బుద్ధి, గుర్రాలకంటే ముందు ఆవిడనే చూశాను. చూస్తే, ఆవిడ కెమెరా మెడలో వేలాడుతోంది! చేతులు రెండూ కంబళిలో ఉన్నాయి. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. ఎగిరి గంతేసినంత సంతోషం వేసింది. దేవుడున్నాడు, నా తట్టే ఉన్నాడు అనుకున్నాను.

కెమెరా ఎత్తాను. గింజలా ఉన్నప్పుడే పట్టుకున్నాను. బొటనవేలు బిగించాను. నడిమి చుక్క గుర్రం కళ్ళెం మీద, చెంప దగ్గర పెట్టాను, కంబళి దరిదాపుల్లోకి పోనివ్వలేదు. ఎవడో తాగుబోతు అడ్డంగా పరిగెత్తాడు, అయినా లెన్సు వాడి వెంట పోలేదు. గుర్రం పెద్దదయింది. ఇంకా పెద్దదయింది. ఊపిరి బిగబట్టి తిరుగుతున్నాను. మలుపు దాటింది. కొట్టాను. గెలిచిందో ఓడిందో కూడా నాకు తెలియదు, జనం కేకలు విని గెలిచిందనుకున్నాను. అక్కడే మంచులో మోకాళ్ళ మీద కూర్చుని తెర మీద పెద్దది చేసి చూసుకున్నాను. అమ్మా! ఎంత తేటగా వచ్చిందనుకున్నారు! ఇంతకంటే స్పష్టంగా గుర్రాన్ని గుర్రం కన్నతల్లి కూడా చూసి ఉండదు.

మర్నాడు ఫోటో పెద్దగా అచ్చువేసి, అట్టముక్కల మధ్య పెట్టుకుని అన్న ఇంటికి నడిచాను. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల గొంతు వినబడింది. పులేంగ్ గొంతు. ఒళ్ళంతా భగ్గుమంది. ఫోటో తియ్యనిదానికి ఇక్కడేం పని?

"...మలుపు దగ్గర ఎర్రగుర్రం లోపలి పక్కకి దూరింది న్తాతే," అంటోంది. "మనవాడు రెండో స్థానంలో పడ్డాడు. లెబూసా కొరడా ఎత్తలేదు. మెడమీదికి వంగాడంతే. అప్పుడు మన ఫాక్వే అడుగు సాగదీశాడు చూడండి, మంచు వెనక్కి ఇంత ఎత్తున లేచింది..."

మా అన్న పొయ్యి పక్కన గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. నా అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచి గుమ్మంవైపు తిరిగాడు. "ఎవరది?" అన్నాడు.

నేను వెలుతురులోనే నిలబడ్డాను. పట్టపగలు.

"అబూతీ, నేను."

"మాలినెవోనా? రా," అన్నాడు గానీ చూపు నా పక్కనుంచి వెళ్ళిపోయింది.

పులేంగ్ లేచి నిలబడింది. నా ముఖం చూసి, ఇక దాచలేననుకుంది కాబోలు. "ఔసీ, న్తాతేకి మూడు నాలుగేళ్ళ నుంచి చూపు తగ్గుతోంది," అంది మెల్లగా. "కంటి నరం ఎండిపోయిందని మాసెరు ఆసుపత్రిలో చెప్పారు. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఆఖరి పందెం ఫోటో తియ్యొద్దు, కళ్ళారా చూసొచ్చి చెప్పు అని నన్నడిగారు."

గుర్రం మీదున్నవాడికి చూపు లేదని ఎవరికి తెలుస్తుంది చెప్పండి? దారి గుర్రానికి తెలుసు. వాగు ఎక్కడ దాటాలో, ఎవరి గుమ్మం ముందు ఆగాలో దానికి తెలుసు. పలకరిస్తే ఆయన టోపీ ఎత్తుతాడు, ముందుకి పోతాడు. ఊరంతా అలాగే మోసపోయింది. కానీ నేను ఊరు కాదే! నేను చెల్లెల్ని! నాకు చెప్పకుండా దీనికి చెప్పాడా?

"నాకెందుకు చెప్పలేదు?" గొంతు చించుకున్నాను. "ఆవిడ నీకేమవుతుందని?"

"ఏమీ కాదు, అందుకే చెప్పాను," అన్నాడు అన్న. "నువ్వయితే ఏడుస్తావు. ఇప్పుడు ఏడుస్తున్నావుగా."

పులేంగ్ కంబళి సర్దుకుని, నా పక్కనుంచి వెళుతూ నా చేతిమీద చెయ్యి వేసింది. విదిలించుకున్నాను. ఆవిడ తలవంచుకుని వెళ్ళిపోయింది. ఆ మంచితనమే నేను భరించలేను.

గోడ మీద ఫోటోలన్నీ వరసగా ఉన్నాయి. మబ్బుగా ఉందన్నాడే ఆనాడు! మబ్బు నా ఫోటోలో సగమే, మిగతాది ఆయన కళ్ళలో. ఆవిడ ఫోటో కనబడలేదాయనకి, ఆవిడ మాట కనబడింది. నేనేమో కుక్కలవెంట, కాకులవెంట పడి తిరిగాను.

"ఏం తెచ్చావు?" అన్నాడు అన్న.

"ఏం తెస్తే ఏముందిలే."

"ఇటివ్వు." అందుకుని బొటనవేలితో ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా తడిమాడు. "నున్నగా ఉంది. పెద్దదే వేశావు. చెప్పు."

"ఏం చెప్పను? ఎలా పరిగెత్తిందో ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది కదా. నేను పరుగు చూడలేదు. చుక్క చూసుకుంటూ కూర్చున్నాను."

"పరుగు ఆమె చెప్పింది. ఇందులో ఏముందో నువ్వు చెప్పు."

ఫోటో తీసుకుని గుమ్మం వెలుతురులోకి తిప్పాను. కళ్ళు తుడుచుకున్నాను, లేకపోతే నాకూ మబ్బే.

"కన్నొకటి కనబడుతోంది, ఎడమది," అన్నాను. "పై రెప్ప వెంట్రుకల మీద మంచుపలుకు ఉంది, ఆవగింజంత. కింద తడి. చెవి ఒకటి ముందుకి పెట్టాడు, ఇంకొకటి వెనక్కి తిప్పాడు."

"ఏది వెనక్కి?"

"కుడిది. లెబూసా నోరు తెరిచి ఉన్నాడు, ఏదో చెబుతున్నాడు వాడితో. అది వింటున్నాడు ఫాక్వే."

మా అన్న నవ్వాడు, చిన్నగా, గొంతులోనే. "పరిగెడుతూ వింటున్నాడా? ఈ మాట పులేంగ్ చెప్పలేదే."

"ఎలా చెబుతుంది? ఆవిడకి కనబడితేగా!" అన్నాను. నా గొంతు నాకే గయ్యాళిగా వినిపించింది, ముక్కు కారుతోంది, అయినా అంత తీపి మాట నా నోట ఎప్పుడూ రాలేదు. "అంత వేగంలో మనిషి కంటికి అది ఆగుతుందా?"

"ఇంకా చెప్పు," అన్నాడు.

ఫోటో మీదికి వంగి, ఈ మూల నుంచి ఆ మూలకి వెతకడం మొదలుపెట్టాను. పులేంగ్ చెప్పనిది ఇంకొకటి కావాలి నాకు.